హోమోక్‌కుత్‌లో పడని మంచు

బుడాపెస్ట్,
1983 జులై 2

చిరంజీవి బాలింట్‌కి,

నీ మావయ్య డేనెష్ రాస్తున్నాడు. నువ్వు విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం పూర్తి చేసి, ఉద్యోగం వచ్చేదాకా మీ అమ్మ సోఫా మీద పడుకుని ఉన్నావని తెలిసింది. సంతోషం. నీకో పని చూశాను.

మీ విల్మా పెద్దమ్మ దగ్గర నుంచి కార్డు వచ్చింది. ఉన్నదున్నట్టు దించుతున్నాను: "తమ్ముడూ, ఏప్రిల్‌లో మంచు పడి ఆప్రికాట్ పూతంతా మాడిపోయింది. ఈ ఏడు జామ్ పంపను. నీ నేలమాళిగ ఎలా ఉంది? అక్క."

చదివి కుర్చీలోంచి లేచాను. ముప్ఫై ఏళ్ళుగా ఏటా ఆగస్టులో అక్క దగ్గర నుంచి జామ్ పెట్టె వస్తుంది. వరదొచ్చిన ఏడూ వచ్చింది. మీ పెదనాన్న పోయిన ఏడూ వచ్చింది. ఇప్పుడు మంచట! కెచ్‌కెమేట్ లైన్‌లో గార్డు చేస్తున్న నా పాత మిత్రుడు ఏమన్నాడో తెలుసా? రైలు కిటికీలోంచి చూస్తే హోమోక్‌కుత్ తోటలన్నీ పళ్ళ బరువుకి వంగిపోయి ఉన్నాయట. ఆ మంచు ఊరంతా వదిలేసి మా అక్క దొడ్లోనే దిగిందా?

పైగా, నా నేలమాళిగ గొడవ ఆవిడకెందుకు? మీ మార్గిత్ అత్తయ్య అంత్యక్రియలకి వచ్చి వెళ్ళినప్పటి నుంచీ ప్రతి ఉత్తరంలోనూ ఇదే ప్రశ్న. "తేమ లేదు, దేవుడి దయ" అని నేనూ ప్రతిసారీ జవాబు రాస్తూనే ఉన్నాను. మళ్ళీ అడుగుతుంది.

జీవితమంతా రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసినవాణ్ణి. టిక్కెట్ లేనివాడు మనం అడక్కముందే వాతావరణం గురించి మాట్లాడతాడు. అక్క మంచు గురించి మాట్లాడింది.

వెళ్ళు. విశ్రాంతికి వచ్చానని చెప్పు. కళ్ళు తెరిచి ఉంచు. పక్కింట్లో గాష్‌పార్ అని ఒకడున్నాడు. భార్య లేదు. మీసం ఉంది. ఇంతకన్నా రాయను.

నిన్ను ప్రస్తుతానికి నమ్ముతున్న
మావయ్య


హోమోక్‌కుత్,
జులై 6

మహారాజశ్రీ మావయ్య గారి సముఖానికి గూఢచారి బాలింట్ సమర్పించుకునే తొలి నివేదిక.

చెట్ల మీద మంచు పడిన ఆనవాళ్ళు లేవు. పళ్ళు పడిన ఆనవాళ్ళు మాత్రం నా నెత్తి మీదే ఉన్నాయి. కొమ్మకొమ్మకీ కర్ర ఊతం పెట్టారు. దొడ్డంతా ఆసుపత్రిలో కాళ్ళు విరిగినవాళ్ళ వార్డులా ఉంది.

వచ్చీ రాగానే పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవరు పంపార్రా నిన్ను?"

"ఎవరూ లేదు పెద్దమ్మా. చదివి చదివి అలసిపోయాను. గాలి మార్పుకని వచ్చాను."

"గాలి కావాలంటే చెట్టెక్కు. పైన బాగా వీస్తుంది," అని చేతికి బుట్ట ఇచ్చింది.

ఎక్కే ముందు ఏమీ ఎరగనట్టు అడిగాను: "పూతంతా మంచుకి పోయిందటగా?" అప్పుడే ఒక పండు నా నడినెత్తిన పగిలింది. "పోయింది," అంది పెద్దమ్మ, ఆ పండుని నా జుట్టులోంచి తీసి, తుడిచి, బుట్టలో వేస్తూ. మొహంలో ఒక్క గీత కదల్లేదు. ఆవిడ మీ అక్కే, మావయ్యా. ఆ విషయంలో మాత్రం అనుమానం పెట్టుకోకండి.

ఈ పండుకి ఓపిక లేదని ఇక్కడికొచ్చాక తెలిసింది. పొద్దున గట్టిగా ఉన్నది మధ్యాహ్నానికి మెత్తబడి, సాయంత్రానికి కందిరీగల పాలవుతుంది. అందుకని ఇంట్లో యుద్ధం జరుగుతోంది. రెండు చెక్కలు చేసి టెంక తీసినవి పలచటి గుడ్డ కింద పాక కప్పు మీద ఎండుతున్నాయి. మెత్తబడినవి పాలింకా సారా కోసం పీపాలో పులుస్తున్నాయి. ఒకటే బుడగలు, ముసలాడు నిద్రలో గొణిగినట్టు. చిట్లినవి వంటింట్లోకి వస్తాయి. పొద్దున వాటితో రొట్టె. మధ్యాహ్నం బంగాళాదుంప పిండి ఉండల్లో వాటినే పెట్టి ఉడికించి, వేయించిన రొట్టె పొడిలో దొర్లించడం. రాత్రికి మధ్యాహ్నానివి. నలిగినవి పందులకి. మూడు రోజుల్లో పందులూ నేనూ ఒకే కంచంలో తిన్న బంధువులమైపోయాం.

ఇక అసలు సంగతి. జామ్ లేదు! సామాను గదిలో అలమరలు ఖాళీ. జామ్ ఉన్న సీసా లేదు, జామ్ లేని సీసా కూడా లేదు. రాగి బాణలి గోడకి బోర్లించి వేలాడుతోంది. "ఇన్ని పళ్ళు పెట్టుకుని జామ్ చెయ్యవేం?" అంటే, "తినేవాళ్ళెవరు?" అంది. అది ప్రశ్నో జవాబో చెప్పే పాఠం మాకు పెట్టలేదు.

గాష్‌పార్ గారి విషయం. మీసం ఉన్నమాట నిజం, ధ్రువీకరిస్తున్నాను. రోజూ పొద్దున్నే కంచెలోని సందులోంచి వచ్చి టోపీ తీస్తారు.

"ఇవాళ కూడా పట్టుకెళ్ళనా, విల్మా గారూ?"

"పట్టుకెళ్ళండి. నిండా."

రెండు బకెట్లు నింపుకుని వెళ్ళిపోతారు. కాసేపటికి ఆయన దొడ్లోంచి పంచదార ఉడికే వాసన. నేను కంచె మీదుగా తొంగి చూస్తే, ఆయన చేతిలో గరిటె పట్టుకుని నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మీకు నచ్చదని ముందే నాకు నచ్చలేదు.

కందిరీగ కుట్టినా విధి తప్పని
బాలింట్


బుడాపెస్ట్,
జులై 9

బాలింట్,

వెటకారం తగ్గించు. నివేదిక మాత్రం బాగుంది.

అలమరలు ఖాళీ అన్నావు చూడు, అక్కడే దొరికింది కిటుకు. మా అక్క సామాను గది ఖాళీగా ఉండటం నేను పుట్టి ఎరగను. జామ్ లేకపోతే సరే, సీసాలేమైనట్టు? సీసాలకి మంచు పట్టదు కదా! అమ్మేసి ఉంటుంది. లేకపోతే ఆ మీసాలవాడు కంచె సందులోంచి ఒక్కొక్కటే చేరవేసి ఉంటాడు. ఆ సందు నా చిన్నప్పుడు లేదు. ఎవరు చేశారో, ఎటువైపు నుంచి చేశారో కనుక్కో. పలకలు ఎటు వంగి ఉన్నాయో చూస్తే తెలుస్తుంది.

నేలమాళిగ గురించి కూడా ఆలోచించాను. గాష్‌పార్ సారా కాస్తూ ఉండాలి. పల్లెలో దాచడం కష్టం. బుడాపెస్ట్ నగరంలో, నిజాయితీపరుడైన రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఇంటి కింద, తేమ లేని నేలమాళిగ! ఎవరికి అనుమానం వస్తుంది? నాకొచ్చింది.

ఒక్క మాట చెబుతాను, నీ దగ్గరే ఉంచుకో. అక్క పంపినదాన్ని నాలా చూసుకున్నవాడు ఇంకొకడు ఉండడు. ఒక్క సీసా పారెయ్యలేదు. ఖాళీ అయినవి కడిగి, మేకులకీ మరలకీ వాడుకుంటున్నాను. నిండువి మంచి రోజు చూసి తీద్దామని దాచాను. అలాంటివాడికి మంచు కబుర్లా?

ఇంట్లో మూసి ఉన్న గది ఏదన్నా ఉందా? చూడు.

పొయ్యి వెలిగించకుండా చల్లటి కాఫీ తాగి రాస్తున్న
మావయ్య


హోమోక్‌కుత్,
జులై 12

మావయ్యా,

ఈసారి పరిహాసం లేదు. రాత వంకర పోతోంది. సగం భయంతో, సగం చెట్టెక్కి.

కంచె పలకలు రెండు వైపులకీ వంగి ఉన్నాయి. మీ సిద్ధాంతానికి అది ఎటు లాభమో మీరే తేల్చుకోండి.

మూసి ఉన్న గది ఉంది. పెద్దమ్మ పడక గది. నేనొచ్చిన మర్నాటి నుంచీ ఆవిడ వంటింటి బల్ల మీద పడుకుంటోంది. "మంచం ఉండగా ఇదేమిటి?" అంటే "మంచం ఖాళీ లేదు," అంది. నిన్న మధ్యాహ్నం, కోళ్ళు కూడా నీడకి చేరే ఎండలో, తలుపు ఓరగా ఉంటే చూశాను.

మంచం మీద ఎవరో ఉన్నారు, మావయ్యా. ఈకల బొంతలు రెండు, వాటి మీద గొర్రెతోలు కోటు, ఆ పైన మా అమ్మమ్మ పాత శాలువా. జులైలో! గదిలో దీపం లేదు. పెద్దమ్మ వంగి, బొంత కింద చెయ్యి పెట్టి చూసింది. పక్కనే గాష్‌పార్ గారు, చేతిలో టోపీతో.

"ఇంకా వేడి తగ్గలేదు," అంది పెద్దమ్మ గుసగుసగా.

"కదపకండి. కదిపితే అంతే సంగతులు. నా భార్య ఉన్నప్పుడు ఒకసారి తొందరపడి కదిపాం. పగిలి మంచమంతా…"

"అయ్యో దేవుడా! చెప్పకండి," అని మీ అక్క బొంత అంచులు నలువైపులా దోపింది, పసిపిల్లకి దోపినట్టు.

నేను వంటింట్లోకి పరిగెత్తి ఒక ఆప్రికాట్ తిన్నాను. కంగారులో టెంకతో సహా. ఎవరది? ఏ జబ్బు? డాక్టర్ని ఎందుకు పిలవలేదు? పగలడమేమిటి? మనిషి పగులుతాడా? మంచు పేరు చెప్పి మిమ్మల్ని రాకుండా ఆపింది ఈ రోగిని దాచడానికేనా? ఏ క్షణంలోనైనా నన్ను కూడా బొంత కింద పెట్టి దోపేస్తారని అనుమానంగా ఉంది.

మీ ఆజ్ఞ కోసం ఎదురు చూస్తూ, తలుపుకి ఎదురుగా వీపు పెట్టకుండా కూర్చున్న
బాలింట్


బుడాపెస్ట్,
జులై 15

ఒరేయ్ గాడిదా,

అవి సీసాలు! జామ్ సీసాలు! మీ అమ్మ నిన్ను దుకాణం డబ్బా జామ్‌తో పెంచి మన వంశం పరువు తీసింది. సలసల కాగే జామ్ సీసాల్లో పోసి, మూతికి తడి సెలోఫేన్ కాగితం బిగించి, అలాగే మంచంలో పేర్చి బొంతలు కప్పుతారు. ఒకటి రెండు రోజులు ఆ వేడిలోనే నెమ్మదిగా చల్లారితే ఏడాదైనా చెడదు. మా చిన్నప్పుడు జామ్ రోజుల్లో మాకు మంచాలుండేవి కావు. నేల మీద పడుకుని, సీసాలని చూసి అసూయ పడేవాళ్ళం. తత్వశాస్త్రంలో ఇది లేదా? మరి అన్నేళ్ళు ఏం చదివావు?

నిన్ను తిట్టాక, నాకు నెమ్మదిగా వెలిగింది.

జామ్ ఉంది. మంచం నిండా ఉంది. గాష్‌పార్ దొడ్లో ఉడికింది, అక్క మంచంలో పడుకుంది. పైగా గాష్‌పార్ టోపీ తీసి సలహాలిస్తున్నాడు. నాకు మాత్రం మంచు.

పెళ్ళి చేసుకోదలిస్తే చేసుకోమను. ఆవిడకి అరవై ఏడు, నాకు అరవై మూడు. ఈ వయసులో అడ్డు చెప్పడానికి నేనెవణ్ణి? కానీ చెప్పాలి కదా. కార్డు మీద ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. ఆ పెట్టెలో గడ్డి మధ్య సర్ది వచ్చేవి చూడు, అవి వచ్చిన రోజు పోస్ట్‌మాన్ మా గుమ్మం దగ్గర కూర్చుని ఆయాసం తీర్చుకునేవాడు. మార్గిత్ పోయాక మా గుమ్మం దగ్గర కూర్చునేవాడు అతనొక్కడే. ఈ ఏడు అతనూ రాడు.

ఇది నివేదికకి సంబంధం లేని విషయం. కొట్టేసినట్టు చదువుకో.

ఇక గూఢచర్యం చాలు. సూటిగా అడుగు: నా జామ్ ఎవరికి ఇస్తోంది?

డేనెష్


హోమోక్‌కుత్,
జులై 18

మావయ్యా,

అడిగాను. ఈ ఉత్తరం కూర్చుని చదవండి. చల్లటి కాఫీ వద్దు, ఇంకేదన్నా పోసుకోండి.

పాక నీడలో ఇద్దరం టెంకలు తీస్తూ కూర్చున్నాం. నేను గొంతు సవరించుకున్నాను.

"పెద్దమ్మా, మంచంలో ఉన్నవి…"

"అమ్మయ్య, తెలిసిందా! రోగం ఏదన్నా అంటుకుంటుందేమోనని మొన్నటి నుంచీ తలుపు దగ్గర ముక్కు మూసుకుని నడుస్తున్నావు. మీ మావయ్య రాశాడా అవి సీసాలని?"

నేను టెంకని బుట్టలో వేసి, పండుని చెత్తలో వేశాను.

"వచ్చిన రోజే అనుమానం వచ్చిందిరా, తర్వాత రూఢి అయింది. గాలి మార్పుకి వచ్చినవాడు కంచె పలకలు ఎటు వంగాయో కొలవడు. అలా కొలిచేవాడు మన ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. చిన్నప్పుడు కోడి గుడ్డు పెట్టినా, ఇది మన కోడిదేనా అని అడిగేవాడు."

"మరి ఆ జామ్ ఎవరికి?"

"సగం గాష్‌పార్ గారికి. సీసాలు వాళ్ళావిడవి కదా! ఎవరి సీసా అయితే వాళ్ళ జామ్, ఈ ఊళ్ళో అందరికీ తెలిసిన ధర్మం అది. బాణలి కూడా ఆయనదే, నాది అడుగు చిల్లి పడింది. మిగతా సగం ఆయన సీసాల్లో నేను తింటాను, కడిగి తిరిగిస్తాను."

"మరి నీ సీసాలు?"

కత్తి కింద పెట్టింది. మీరు గమనించే ఉంటారు, పెద్దమ్మ పని ఆపితే కందిరీగలు కూడా ఆగుతాయి.

"మీ మావయ్య నేలమాళిగలో."

తర్వాత చెప్పింది. అత్తయ్యని పాతిపెట్టి వచ్చిన రోజు, ఇల్లు చల్లగా ఉందని, మీరు కుర్చీలోంచి లేవలేదని, తనే బొగ్గుల కోసం కిందకి వెళ్ళిందట. దీపం వేసిందట. పై అరలో తన సీసాలు: ఒకదాంట్లో మేకులు, ఒకదాంట్లో మరలు, ఒకదాంట్లో టర్పెంటైన్‌లో నానుతున్న రంగు కుంచె. కింది అరల్లో తన జామ్. ఏళ్ళ తరబడి పంపినది, విప్పనిది. సెలోఫేన్ ఉబ్బి, లోపల తెల్లగా బూజు.

"బొగ్గులు తెచ్చి పొయ్యి వేశాను," అంది. "ఆ రోజున ఏమని అడగను? తర్వాత వాడే చెబుతాడేమోనని ప్రతి ఉత్తరంలో అడిగాను, నేలమాళిగ ఎలా ఉందని. తేమ లేదు, దేవుడి దయ అంటాడు! పోనీలే అనుకున్నాను. వాడికి కావలసింది సీసాలు, మేకులకి. జామ్ కాదు. చెట్టు మీద ఒక్క పూట ఆగని పండుని పట్టుకొచ్చి, ఎండలో నిలబడి ఉడికించి, నా మంచం దానికిచ్చి నేను బల్ల మీద పడుకుంటే, అది వాడింట్లో చీకట్లో బూజు పడుతుందా? మంచు పడిందని రాశాను. అబద్ధం కాదు. పడింది. దొడ్లో కాదు, అంతే."

నేను తత్వశాస్త్రం చదివానన్న సంగతి మీకు తెలుసు. ఆ సమయంలో నాకు తోచిందల్లా ఇంకో పండు కోసి టెంక తియ్యడం.

కాబట్టి మావయ్యా, దర్యాప్తు ముగిసింది. మనం చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాం. నేరస్థుడి చిరునామా నా దగ్గరుంది. ఈ కవరు మీద రాశాను, మీరు చదువుతున్నారు.

చివరి మాట, ఇది గూఢచారి మాట కాదు. దక్షిణం వైపున ఉన్న పెద్ద చెట్టు, ఆలస్యంగా పండేది, మా తాతయ్య నాటిందట. వారంలో దిగుతుంది. గాష్‌పార్ గారి సీసాలు అయిపోయాయి. ఎండబెట్టడానికి పాక మీద చోటు లేదు, పీపా నిండింది. "ఏం చేస్తావు?" అంటే, "పందులున్నాయిగా," అంది. అని, చాలాసేపు ఆ చెట్టు వైపు చూసింది.

బాలింట్


హోమోక్‌కుత్,
జులై 25

చిరంజీవి బాలింట్‌కి, నా ఇంట్లో, నా సోఫా మీద,

స్టేషన్లో నేను దిగడం, నువ్వు ఎక్కడం, మధ్యలో నేలమాళిగ తాళంచెవి నీ చేతిలో పెట్టడం. అంతకన్నా మాట్లాడుకోలేదు కాబట్టి రాస్తున్నాను.

వీపున ఒక మూట, చేతుల్లో రెండు సంచులు. మోయగలిగినన్ని సీసాలు తెచ్చాను. బూజు పట్టిన జామ్ అంతా బయలుదేరే ముందే పారబోశాను. పారబోస్తుంటే కళ్ళు మండాయి. బూజు వల్ల. రైల్లో ప్రతి కుదుపుకీ నేను గలగలమన్నాను. కొత్తగా చేరిన కుర్ర తనిఖీదారు నన్ను కింద నుంచి పైకి అనుమానంగా చూశాడు. మంచి పిల్లాడు, పైకి వస్తాడు.

గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. నేను చూసిన వేలమంది టిక్కెట్ లేనివాళ్ళ మొహాలు గుర్తొచ్చాయి. వాళ్ళకి అప్పుడు ఎలా ఉండేదో నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

"ఏరా, బుడాపెస్ట్‌లో మంచు పడిందా?" అంది.

"కరిగింది," అన్నాను.

సంచులు విప్పి ఒక్కో సీసా వెలుగుకి పట్టి చూసింది. ఒకటి వాసన చూసి నాకే తిరిగిచ్చేసింది. "ఇది టర్పెంటైన్. దీంట్లో మేకులే పోసుకో." మిగతావి తొట్టిలో వేసింది. నేను తప్పు చేశానని అనలేదు, నువ్వూ ఎవరితోనూ అనకు. అక్కతో మాత్రం ఒక్కటి చెప్పాను. జామ్ తినడం ఇష్టం లేక దాచలేదు. మార్గిత్ ఉన్నప్పుడు పండగకి ఒకటి తీసేది, మిగతావి మంచి రోజుకని దాచేవాణ్ణి. మార్గిత్ పోయాక, తీస్తే అయిపోతుంది కదా అని తీయలేదు.

అక్క గాష్‌పార్ బాణలి దగ్గరికి వెళ్ళి గరిటెడు సాసర్లో పోసి తెచ్చి, చెంచా చేతికిచ్చింది.

"తిను. నా ఎదురుగా."

నాలుక కాలింది. తిన్నాను. ఇంకో గరిటె పోసింది.

నాన్న చెట్టు దిగడం మొదలైంది. నేను తెచ్చిన సీసాలు నిన్నటితోనే నిండిపోయాయి. కాబట్టి శ్రద్ధగా చదువు. పై అరలో మిగిలినవన్నీ దింపు. మేకులు, మరలు వేరు వేరు వార్తాపత్రికల మీద పొయ్యి, కలపకు. సీసాలు వేడి నీళ్ళలో సోడా వేసి రెండుసార్లు కడుగు. శనివారం పొద్దుటి బండికి పట్టుకుని రా. టిక్కెట్ కొను. గార్డు నా మిత్రుడే, అయినా కొను.

మంచాల సంగతి. అక్క మంచం నిండింది. నాకు వేసిన మంచం కూడా మొన్న రాత్రికే నిండింది. నువ్వు పడుకున్న బెంచీ మీద నువ్వు చూసిన ఆ శాలువా కింద ఒక వరస ఉంది. అందుచేత నేను గాష్‌పార్ ఇంట్లో పడుకుంటున్నాను. గురక పెడతాడు. పొద్దున్నే లేచి బాణలిలో గరిటె తిప్పుతాడు, మధ్యాహ్నం దాకా తిప్పుతూనే ఉంటాడు. సగం జామ్ కోసం ఏ మగాడూ అంతసేపు ఎండలో నిలబడడు. ఇంకోటి, నిన్న అక్క అతణ్ణి "గాష్‌పార్ గారూ" అనలేదు. ఉత్త "గాష్‌పార్" అంది. మీసం దువ్వుకున్నాడు, కళ్ళారా చూశాను.

నా అనుమానం ఇంకా తీరలేదు. దగ్గరుండి కనిపెట్టాలి. రేగుచెట్టంత చిన్న చెట్టు ఒకటి వెనకాల ఉంది, ప్లమ్ పళ్ళది. సెప్టెంబరుకి గానీ పండదట. అప్పటిదాకా ఇక్కడే ఉంటానని పోస్ట్‌మాన్‌తో చెప్పు.

డేనెష్ మావయ్య